చానెల్ నడుపుడంటే కుర్చీ ఎక్కుడు కాదు

(గండిపేట కాడ ఇంజనీరింగ్ విద్యార్థులు, ఉద్యోగులతో జరిగిన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



గండిపేటల కంప్యూటర్ సదువుకు కొదువ లేదు. 1979ల చైతన్య భారతి కాలేజీ వచ్చింది, 1997ల మహాత్మాగాంధీ కాలేజీ వచ్చింది. కోడు రాసుడు ఎట్లనో మీకు చెప్పేటందుకు మేము రాలేదు. పదిమంది కూడినకాడ మాటను ఎట్ల నడపాలె, ఆ మాట ఎవరి చేతుల ఉండాలె అన్నదే ఇయ్యాల్టి ముచ్చట. దీనికి మేము ఎంచుకున్న బడి ఐఆర్‌సీ. అంటే ఇంటర్నెట్ రిలే చాట్.

చేతుల వాట్సాప్, టెలిగ్రాం ఉండంగ ఈ పాత సామాను ఎందుకని మీరు అడుగుతరు. అడగాలె. ఇయ్యాల మనం వాడే గ్రూపు, అడ్మిన్, బాట్, బ్యాన్ అన్న పద్ధతులు చానా మటుకు అక్కడ నలిగి వచ్చినవే. అక్కడ అన్నీ బయటికే కనబడతయి. ఇంజను మీద మూత లేని బండి లెక్క. నేర్చుకునేటోనికి అంతకంటే మంచి బండి దొరకది.

1988 ఆగస్టుల ఫిన్లాండ్ దేశంల ఓలు విశ్వవిద్యాలయంల యార్కో ఓయికరినెన్ అనే విద్యార్థి దీన్ని తయారుచేసిండు. మూడేండ్లకే, 1991 ఆగస్టుల మాస్కోల గోర్బచెవ్‌ను దించే కుట్ర జరిగింది. అప్పుడు పత్రికలకు, టీవీలకు సంకెళ్లు పడితే అక్కడి ముచ్చట్లు ఐఆర్‌సీ మీదుగ బయటి దేశాలకు చేరినయి. ఒక విద్యార్థి రాసిన ప్రోగ్రాం గంత పని చేసింది.

తాళంచెవి ఎవరి దగ్గర?

ఐఆర్‌సీల చానెల్ పెట్టుడు మస్తు సులువు. హాష్ గుర్తు పెట్టి ఒక పేరు కొట్టి జాయిన్ అంటే చాలు. ఆ పేరుతోని అప్పటిదాంక ఎవ్వరూ లేకుంటే, ముందుగాల అడుగుపెట్టినోడే ఆపరేటర్. వాని పేరు ముందట ఎట్ గుర్తు వస్తది. ఇగ విషయం మార్చాలన్నా, ఒకరిని బయటికి పంపాలన్నా, ఇంకొకరిని ఆపరేటర్ చెయ్యాలన్నా వానికే అధికారం.

అయితే అందరు బయటికి పోతే ఆ చానెలే మాయమైతది. మల్ల ఎవడు ముందు వస్తే వాడే రాజు. సర్వర్ల నడుమ లింకు తెగితే ఒక్క చానెల్ రెండు ముక్కలైతది, దాన్ని నెట్‌స్ప్లిట్ అంటరు. వెనుకట ఆ సందుల దూరి చానెళ్లు గుంజుకున్నోళ్లు చానామంది. అందుకే చాలా నెట్‌వర్క్‌లల్ల ఛాన్‌సర్వ్ అనే సేవ వచ్చింది. చానెల్‌ను రిజిస్టర్ చేస్తే, ఎవరికి ఏ అధికారమో అది రాసి పెట్టుకుంటది.

కాబట్టి మొదటి పాఠం ఇది: తాళంచెవి ఒక్కని జేబుల ఉండొద్దు. వాట్సాప్‌ల ఉన్న ఒక్క అడ్మిన్ గ్రూపు వదిలిపోతే, సభ్యుల్ల ఎవరో ఒకరు వాళ్ల ఎరుక లేకుండనే అడ్మిన్ అయితరు. పెద్ద సంఘాన్ని గిట్ల లాటరీల పెడతమా?

గేట్లు ఎప్పుడు దించాలె

1908 సెప్టెంబర్ల మూసీ వరద పట్నాన్ని ముంచినంక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద ఈ గండిపేట చెరువు కట్టిన్రు. 1920ల పూర్తయింది. నిండు మట్టం 1790 అడుగులు. కట్ట కట్టింది నీళ్లను చంపేటందుకు కాదు, వరదను పట్టి అదుపుల విడిచేటందుకు. చానెల్‌కు మోడ్‌లు గూడ గసుంటియే.

'ఎం' మోడ్ పెడితే ఆపరేటర్లు, మాట ఇచ్చినోళ్లు మాత్రమే మాట్లాడతరు. 'ఐ' పెడితే పిలిచినోళ్లే లోపలికి వస్తరు. 'టి' పెడితే విషయాన్ని ఆపరేటర్లే మారుస్తరు. కిక్ అంటే బయటికి తోసుడు, వాడు మల్ల రావచ్చు. బ్యాన్ అంటే తలుపు మూసుడు. కొన్ని నెట్‌వర్క్‌లల్ల క్వయెట్ ఉంటది, అంటే లోపల కూసుంటడు గని నోరు లేవది. ముందు చెప్పి చూడాలె, తర్వాత క్వయెట్, తర్వాత కిక్, ఆఖరుకు బ్యాన్. అదిగూడ గడువు పెట్టి. వరద తగ్గినా గేట్లు అట్లనే మూసిపెడితే అది అదుపు కాదు, నోరు నొక్కుడు.

లిబెరా చాట్ వంటి నెట్‌వర్క్‌లల్ల ఒక మంచి ఆచారం ఉన్నది. ఆపరేటర్లు ఊకె ఎట్ గుర్తు పెట్టుకొని కూసోరు. పని పడ్డప్పుడు తీసుకుంటరు, పని కాంగనే దించి పక్కన పెడతరు. పదవులు వచ్చినంక దిగని మన పెద్దమనుషులకు ఇది ఎవరన్న చెప్పాలె.

తెలుగు మాటకు తూకం

1993 మేల రాసుకున్న నిబంధన ప్రకారం ఐఆర్‌సీల ఒక్క సందేశం 512 బైట్లు దాటొద్దు. ఇంగ్లిషు అక్షరానికి ఒక్క బైటు. యూటీఎఫ్-8ల తెలుగుకు ప్రతి గుర్తుకు మూడు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంల ఆరు గుర్తులున్నయి, అంటే 18 బైట్లు. ఇంగ్లిషోడు ఒక్క సందేశంల చెప్పింది మనకు రెండు మూడు సందేశాలైతది. ఇది మన భాష తప్పు కాదు, కొలత పెట్టినోళ్లు మనల్ని లెక్కల తీసుకోకపోవుడు. అయినా తెలుగుల రాయాలె, చిన్న చిన్న వాక్యాలు రాయాలె. 2003 డిసెంబర్ల మొదలైన తెలుగు వికీపీడియా సభ్యులు గూడ ఐఆర్‌సీల కూడి ముచ్చట్లు పెట్టుకున్నోళ్లే.

ఇల్లు పోయినా ఊరు మిగలాలె

2000ల ఏండ్లల్ల మన వాదన ఎక్కడ నడిచింది? యాహూ గ్రూపులల్ల, ఆర్కుట్‌ల. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడ్డది. యాహూ మెసెంజర్ 2018 జూలైల, యాహూ గ్రూప్స్ 2020 డిసెంబర్ల పోయినయి. దాచుకున్నోళ్లకు దక్కింది, దాచుకోనోళ్ల చరిత్ర గంగల కలిసింది. కంపెనీ ఇల్లు కిరాయి ఇల్లే. ఖాళీ చెయ్యమంటే చెయ్యాలె.

ఐఆర్‌సీకి గూడ ఆ దెబ్బ తగిలింది. ఫ్రీనోడ్ అనే పెద్ద నెట్‌వర్క్ యాజమాన్యం మీద కొట్లాట వచ్చి, 2021 మే 19న దాన్ని నడిపే వాలంటీర్లు మూకుమ్మడిగ రాజీనామా చేసి లిబెరా చాట్ పెట్టిన్రు. వారం తిరగకముందే, కొత్త ఇంటి పేరు రాసుకున్న వందల చానెళ్లను ఫ్రీనోడ్ గుంజుకున్నది. ఉబుంటు, వికీమీడియా వంటి సమూహాలు మాత్రం మూటముల్లె సర్దుకొని కొత్త ఇంటికి పోయినయి. ఎట్ల పోగలిగినయి? ఐఆర్‌సీ ఏ కంపెనీ సొత్తు కాదు. అదే ప్రోగ్రాం, అవే ఆదేశాలు, సర్వర్ చిరునామా మారిందంతే. వాళ్ల మనుషులకు ఒకరితోని ఒకరికి తొవ్వ ఎరుకే. యజమాని ఇల్లు గుంజుకోగలడు గని ఊరిని గుంజుకోలేడు.

పనిల పెట్టాల్సినవి

ఇగ మీరు చెయ్యాల్సింది చెప్తం. ముగ్గురికి తగ్గకుండ ఆపరేటర్లను పెట్టుకోండ్రి, అందుల ఒకరన్న ఆడబిడ్డ ఉండాలె. నియమాలు ఐదు వాక్యాలల్ల రాసి విషయంల పెట్టుండ్రి. ఐఆర్‌సీ సర్వర్ సాధారణంగ పాత మాటలు దాచదు, కాబట్టి మీటింగు ఉంటే మీట్‌బాట్ వంటి బాట్‌తోని తీర్మానాలు రాయించుండ్రి. రాసుకుంటున్నట్టు ముందే అందరికి చెప్పుండ్రి. నెలకోసారి కాపీ తీసి ఇంకోకాడ దాచుండ్రి.

పుకారు వస్తే తుడిచేసి ఊకోవద్దు, నిజం ఏందో అక్కడనే చెప్పాలె. 2011ల 42 రోజుల సకల జనుల సమ్మె చేసిన ఉద్యోగులు ఇక్కడున్నరు. సమ్మె ఆగిందన్న ఒక్క పుకారుకు ఎంత బలముంటదో వాళ్లకు ఎరుకే.

కేసుల భయం గురించి గూడ ఒక మాట. సభ్యుడు పెట్టిన దానికి, కుట్రల పాలు లేని అడ్మిన్‌ను బాధ్యుణ్ని చెయ్యరాదని 2021ల బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022 ఫిబ్రవరిల కేరళ హైకోర్టు చెప్పినయి. పాలుంటే మాత్రం తప్పదు. కాబట్టి భయపడొద్దు, కండ్లు మూసుకోనూ వద్దు.

ఇయ్యాల రాత్రికే తలా ఒక చానెల్ పెట్టుండ్రి. ఒకరి చానెల్‌ల ఒకరు ఆపరేటర్లు కాండ్రి. వారం తర్వాత ఆ ఎట్ గుర్తు పక్కోనికి ఇచ్చి, మీరు కింద కూసోండ్రి. అప్పుడు గూడ చానెల్ నడిస్తే మీరు నేర్చుకున్నట్టు. సెలవు.