పెద్దలు – గుండె పరీక్షలు
(మహాసభ యందలి యుపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చి పెద్దలు ప్రసంగించిన పిమ్మట మాకీ విషయ మప్పగింపబడినది. సభలో ననేకులు అరువదియేండ్లు దాటినవారే గనుక ఇది మన యింటిమాటయే యగును.

మెట్లెక్కునపు డాయాసము వచ్చినచో మన పెద్దలు "వయస్సు మీఱినది, రాక మానునా?" అందురు. రొమ్ములో బరువు తోచినచో వాయువని వాము నమలుదురు. పరీక్ష చేయించుకొమ్మన్నచో లేనిపోని రోగము బయటపెట్టుదురని త్రోసిపుచ్చుదురు. అసలు భయము వేఱు: మనుమరాలి పెండ్లికై దాచిన సొమ్ము ఆసుపత్రిపాలగునేమో యని. ఆ భయమును మేము పరిహసింపము. ఇల్లమ్మి వైద్యము చేయించినవారిని మనమందఱ మెఱుగుదుము. కాని పరీక్ష వేఱు, శస్త్రచికిత్స వేఱు. పరీక్షకు బోయి మాత్రలతోడను, ఉప్పు తగ్గించుమను మాటతోడను ఇల్లు చేరువారు పెక్కుమంది కలరు. 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఏటికి 5 లక్షల రూపాయలవరకు ఆసుపత్రిలో చేర్చుకొని చేయు చికిత్సకై కేంద్రప్రభుత్వ పథకము 2024లో విస్తరింపబడినది. దానిని గూర్చి విచారించుకొనుడు.

ఇ.సి.జి. యంత్రమును హాలెండు దేశపు లైడెన్ నగరమున ఐంథోవెన్ పండితుడు నిర్మించెను. అప్పటి రోగి రెండు చేతులను, ఒక కాలిని ఉప్పునీటి పాత్రలలో నుంచుకొని కూర్చుండవలసివచ్చెడిది. ఆ కృషికి 1924లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. నేడు పండుకొన్నవారి రొమ్మునకును, కాలుసేతులకును తీగెలు తగిలించి కొన్ని నిమిషములలో కాగితము చేతికిత్తురు. గుండె పుట్టించు విద్యుత్తును యంత్రము గీయుటయే గాని, మనకు విద్యుత్తు నెక్కించుట కాదు.

అయితే ఆ కాగితమును నిర్దోషపత్రముగా బీరువాలో దాచుకొనువా రున్నారు. ఇదియే మేము గట్టిగా జెప్పదలచిన మాట. ఆ గీతలు కొద్ది క్షణముల ముచ్చట మాత్రమే. నాళము చాలవఱకు పూడియున్నను, విశ్రాంతిగా నున్నపుడు గీతలు చక్కగా నుండవచ్చును. కొట్టములో కట్టివేసిన యెద్దు బలము తెలియునా? బండికి గట్టి యెత్తెక్కించిన దెలియును. అందులకే ట్రెడ్‌మిల్ పరీక్ష యేర్పడినది. అమెరికాలోని సియాటిల్ వైద్యుడు బ్రూస్ పేరిటి పద్ధతిలో మూడేసి నిమిషముల కొకమారు వేగమును, వాలును పెంచుచు నడిపింతురు. మోకాళ్లు సహకరింపనివారికి మందుతో గుండెను వడిగా గొట్టుకొనజేసి పరీక్షించు మార్గము కలదు గనుక, మోకాళ్ల సాకు చెల్లదు.

ఎకో పరీక్ష వేఱొకటి. 1953లో స్వీడన్ దేశపు లుండ్ నగరమున ఎడ్లర్, హెర్ట్‌జ్ అను నిద్దఱు, ఓడల కర్మాగారములో లోహపు పగుళ్లు వెదకు యంత్రమును ఎరువు దెచ్చి గుండెపై నుంచి చూచిరి. చెవికందని ధ్వని ప్రతిధ్వనించి కవాటముల కదలికను, గుండె చిమ్ము బలమును జూపును. నాళములలోని పూడికను మాత్రము నేరుగా జూపజాలదు. ఏ పరీక్ష కావలెనో వైద్యుడు నిర్ణయించుటకు మన నోటిమాటయే యాధారము. ఎన్ని మెట్లకు ఆయాసము వచ్చుచున్నది, నిరుడెట్లుండెను, రాత్రి తలగడలెన్ని కావలసియున్నవి – ఇవి దాచినచో యంత్రము చెప్పలేదు.

ఇక స్త్రీలమాట. యజమానిని పరీక్షకు దీసికొనిపోవుదురు గాని, వంటింటిలోని పెద్దమ్మ నెవరడుగుదురు? స్త్రీలకును, వృద్ధులకును, మధుమేహము గలవారికిని రొమ్మునొప్పి లేకయే గుండెజబ్బు రావచ్చును. ఆయాసము, చెమటలు, వాంతి, దవడనొప్పి, అకారణమైన నీరసము – ఇవియే గుర్తులు కావచ్చును. అట్టి బాధ హఠాత్తుగా వచ్చి తగ్గనిచో పరీక్షలకై తిరుగక వెంటనే 108కి ఫోను చేయవలెను.

ఏ బాధయు లేనివారు రాయితీ యనుమాట విని ఖరీదైన పరీక్షలన్నియు కొనుట మేము కోరము. రక్తపుపోటు, చక్కెర, కొవ్వు – ఈ మూటిని చూపించుకొనుచుండుట అందఱకును వలయును.

కుమారులు విదేశములలో నుండగా ఒంటరిగా నున్న పెద్దలు మన సంఘమున ననేకులు. పరీక్షకు వెంటబోవు మనిషి లేకయే వారు వాయిదా వేయుచున్నారు. కావున ప్రతి శాఖాసంఘమును ఇద్దఱు యువకులను, ఒక యువతిని ఇందులకు నియమించి, వారి దారిబత్తెమును సంఘనిధినుండి యీయవలెను. ప్రతి పెద్దకును ఒక సంచి కుట్టించి, పాత ఇ.సి.జి. కాగితములును, మందుల చీటీలును అందుంపవలెను. పాతదానితో పోల్చినగాని క్రొత్త గీతలోని మార్పు వైద్యునికి దెలియదు. ఈ మేరకు తీర్మానమును కార్యదర్శిగారి కందజేసియున్నాము. సాయంకాల సమావేశమున అది చర్చకు వచ్చును.