గడ్డం పనికి ఏ మిషను మంచిది?

(మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

 

ఈరోజు మనం గడ్డం గీసే కరెంటు మిషను గురించి మాట్లాడుకుందాం. వింటే మీకు నవ్వు రావచ్చు. "గడ్డాలు మగవాళ్ళకు కదా! మనకెందుకీ గొడవ?" అని మీరు అనవచ్చు.

ఒక్క మాట అడుగుతాను. ఇంట్లో మామగారు పక్షవాతంతో మంచం పట్టారనుకోండి. ఆయనకు నీళ్ళు పోసేది ఎవరు? అన్నం తినిపించేది ఎవరు? చాలా ఇళ్ళలో మనమే. మరి గడ్డం సంగతి? ఆయన సెలూను దాకా నడవలేరు. సెలూను అన్న ఒక వారం ఇంటికి వస్తాడు, ఇంకో వారం రాలేడు. ఈలోగా గడ్డం మాసిపోతుంది. మెతుకులు చిక్కుకుంటాయి. దురద పుడుతుంది. చుట్టాలు చూడ్డానికి వస్తే ఆ పెద్దాయన ముఖం అటు తిప్పుకుంటారు. చివరికి ఆ పని కూడా మన చేతికే వస్తుంది. చేయాల్సిన పనిని తెలుసుకొని చేద్దాం.

బ్లేడుతో ఏమిటి ప్రమాదం?

వయసు మీద పడితే చర్మం పలచబడుతుంది. ముడతలు పడుతుంది. ముడత మీద బ్లేడు తగిలితే ఇట్టే తెగుతుంది. చక్కెర జబ్బు ఉంటే ఆ గాయం త్వరగా మానదు. గుండె జబ్బు, పక్షవాతం వచ్చిన కొందరికి రక్తం గడ్డకట్టకుండా మందులు ఇస్తారు. ఆ మందులు వాడేవారికి చిన్న గాటు పడినా రక్తం తొందరగా ఆగదు. అందుకే ఇలాంటివారికి బ్లేడు బదులు కరెంటు షేవరు వాడమని డాక్టర్లు చెబుతారు.

ఇంకో ప్రమాదం ఉంది. ఒకే బ్లేడును ఇద్దరు ముగ్గురికి వాడటం. కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి క్రిమి రక్తం ద్వారా వ్యాపిస్తుంది. అది శరీరం బయట కూడా కనీసం 7 రోజులు బతకగలదు. కంటికి కనబడని రక్తపు మరక చాలు. కాబట్టి బ్లేడు ఎవరిది వారిదే. షేవరు కూడా ఎవరిది వారిదే. తండ్రీ కొడుకులైనా సరే, అన్నదమ్ములైనా సరే.

మిషను ఎలా కోస్తుంది?

1931లో అమెరికాలో జాకబ్ షిక్ అనే ఆయన కరెంటు షేవరును అమ్మకానికి తెచ్చాడు. 1939లో ఫిలిప్స్ కంపెనీ గుండ్రంగా తిరిగే రకాన్ని తెచ్చింది. ఈనాడు ముఖ్యంగా రెండు రకాలు ఉన్నాయి.

మొదటి రకం మీద సన్నని రేకు ఉంటుంది. రేకు నిండా చిల్లులు. మన పిండి జల్లెడ లాంటిదే అనుకోండి. చిల్లుల్లో నుంచి వెంట్రుక లోపలికి వెళుతుంది. లోపల బ్లేడు అటూ ఇటూ ఆడుతూ దాన్ని కోస్తుంది. బ్లేడుకూ చర్మానికీ నడుమ ఆ రేకు అడ్డంగా ఉంటుంది. అందుకే గాటు పడటం తక్కువ.

రెండో రకానికి మూడు గుండ్రని తలలు ఉంటాయి. లోపల బ్లేడ్లు గిరగిరా తిరుగుతాయి. మెడ మీద వెంట్రుకలు తలా ఒక వైపు తిరిగి ఉంటాయి కదా, వాటికి ఈ రకం కాస్త నయం. రోజూ గీసుకునే చిన్న గడ్డానికి జల్లెడ రకం బాగుంటుంది.

పెరిగిన గడ్డానికి ముందు ట్రిమ్మరు

ఇక్కడే చాలామంది మోసపోతారు. పది రోజుల గడ్డం మీద షేవరు పెడతారు. పొడుగు వెంట్రుక వంగి చర్మానికి అంటుకుపోతుంది. అది చిల్లులోకి దూరదు. సగం దూరి ఇరుక్కుంటుంది. మిషను దాన్ని లాగుతుంది. పెద్దాయన "అబ్బా!" అంటారు. "మిషను మంచిది కాదు" అని మూలన పడేస్తాం. పెట్టిన డబ్బు మట్టిపాలు.

పొడుగు గడ్డానికి కావలసింది ట్రిమ్మరు. దానికి దువ్వెన పళ్ళ లాంటి పళ్ళు రెండు వరసలు ఉంటాయి. ఒక వరస కదలదు. ఇంకో వరస కదులుతూ కత్తెరలాగా కోస్తుంది. ఎంత పొడుగు గడ్డాన్నైనా పొట్టి చేస్తుంది.

మన ఊళ్ళలో అయ్యప్ప మాల వేసుకున్నవారిని చూడండి. 41 రోజులు గడ్డం తీయరు. మాల తీసేనాటికి గడ్డం సెంటీమీటరు పైనే ఉంటుంది. దాన్ని ఏ షేవరూ నేరుగా కోయలేదు. ముందు ట్రిమ్మరుతో పొట్టి చేయాలి. ఆ తర్వాతే షేవరు. మంచం మీది పెద్దాయనకూ అదే వరస.

ఇంకో మాట. ఇంట్లో ఉండే పెద్దాయనకు గడ్డం పూర్తిగా నున్నగా ఉండాలా? అక్కరలేదు. ట్రిమ్మరు చర్మం మీద గరుకుగా కొంచెం మిగులుస్తుంది, అంతే. ముఖం శుభ్రంగా ఉంటుంది. వారానికి ఒకసారి చేసినా చాలు. ట్రిమ్మరు ధర మామూలుగా షేవరు కన్నా తక్కువే. కాబట్టి రెండూ కొనే స్తోమత లేకపోతే ట్రిమ్మరు ఒక్కటే కొనండి. నున్నగా ఉండాలని ఆయనే కోరితే, ట్రిమ్మరు కూడా బిగించి ఉన్న షేవరు చూడండి.

"పదే పదే గీస్తే గడ్డం దట్టంగా వస్తుందట కదా?" అని కొందరు అడుగుతారు. అది నిజం కాదు. కోసిన వెంట్రుక మొన మొద్దుగా ఉంటుంది. అందుకే చేతికి గరుకుగా తగులుతుంది. వెంట్రుకల లెక్క పెరగదు.

అంగట్లో డబ్బా చదవండి

మనం కష్టపడి అక్షరాలు నేర్చుకున్నాం. అంకెలు నేర్చుకున్నాం. అంగడి దగ్గరే అవి అక్కరకు రావాలి. డబ్బా మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నా అంకెలు మనకు తెలుసు.

మొదట ధర చూడండి. డబ్బా మీద వేసిన ఎం.ఆర్.పి. కన్నా ఒక్క రూపాయి ఎక్కువ అడగకూడదు. పన్నులన్నీ అందులోనే ఉంటాయి. తక్కువకు అడిగే హక్కు మనకుంది.

రెండోది వోల్టేజి. మన ఇళ్ళలో కరెంటు 230 వోల్టులు. డబ్బా మీద 100-240 అని ఉంటే ఇక్కడ పనిచేస్తుంది. అమెరికాలో ఉన్న కొడుకు పంపిన మిషను మీద 120 మాత్రమే ఉంటే మన కరెంటుకు పెట్టకండి, కాలిపోతుంది. దుబాయి నుంచి తెచ్చినదైతే వోల్టేజి సరిపోతుంది. ప్లగ్గు పిన్నులే వేరుగా ఉంటాయి.

మూడోది ఛార్జింగు. ఎన్ని గంటలు పెట్టాలి? పెడితే ఎన్ని నిమిషాలు నడుస్తుంది? ఈ రెండు అంకెలూ చూడండి. కొన్నింటికి వైరు మాత్రమే ఇస్తారు, ఛార్జరు ఇవ్వరు. డబ్బాలో ఏమేమి ఉన్నాయో అడగండి.

నాలుగోది విడి భాగాలు. రేకు, బ్లేడు అరిగిపోతాయి. రోజూ వాడితే ఏడాదిన్నర, రెండేళ్ళకు మార్చాల్సి రావచ్చు. "ఇవి విడిగా దొరుకుతాయా? ఎంత?" అని కొనకముందే అడగండి.

అయిదోది, చేత్తో పట్టుకొని చూడండి. బరువుగా ఉందా? చేయి జారుతుందా? మోత ఎక్కువా? వాడేది మన చెయ్యి. అది మన చేతికి కుదరాలి.

బిల్లు తప్పక తీసుకోండి. గ్యారంటీ కార్డు మీద తేదీ, అంగడి ముద్ర వేయించండి. తేడా వచ్చి అంగడివాళ్ళు పట్టించుకోకపోతే 1915 నంబరుకు ఫోను చేయండి. అది వినియోగదారుల సహాయం కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు. బిల్లు ఉంటేనే మన మాటకు బలం.

వాడే తీరు

ముందు ఆయనను అడగండి. "నాయనా, గడ్డం తీయమంటారా?" అనండి. మిషను చూపించండి. ముఖానికి దూరంగా పట్టుకొని ఒకసారి ఆడించండి. మోత వింటే భయం పోతుంది.

ఆనించి కూర్చోబెట్టండి. వెలుతురు ఉండాలి. కట్టుడు పళ్ళు ఉంటే పెట్టించండి. దవడ నిండుగా ఉంటుంది, పని సులువవుతుంది. ముఖం పొడిగా ఉండాలి. ఒక చేత్తో చర్మాన్ని మెల్లగా సాగదీయండి. ముందు ట్రిమ్మరు. తర్వాత షేవరు. జల్లెడ రకాన్ని తిన్నగా నడపండి. గుండ్రని తలల రకాన్ని చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పండి. గట్టిగా అదమకండి. అదిమితే నున్నగా రాదు, మంట పుడుతుంది. నడుమ నడుమ రేకును మీ చేతి మీద పెట్టి చూడండి. వేడెక్కితే కాసేపు ఆపండి.

పుండు, కురుపు, పుట్టుమచ్చ మీద నడపకండి. రేకు చిట్లితే ఆ మిషను వాడకండి. ఛార్జింగు పెట్టినప్పుడు తడి చేతితో ముట్టుకోకండి. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకుంటున్నవారికి డాక్టరును అడగకుండా కరెంటు షేవరు వాడకండి. చిన్న నిప్పురవ్వ చాలు, మంట లేస్తుంది.

పని అయ్యాక స్విచ్చి ఆపి, వెంట్రుకలు బ్రష్షుతో దులపండి. కడగవచ్చు అని డబ్బా మీద రాసి ఉంటేనే కుళాయి కింద పెట్టండి.

కొత్తలో కొందరికి చర్మం ఎర్రబడుతుంది. రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఆయన ఇష్టం

చివరిగా ఒక మాట. కొందరికి గడ్డం మొక్కు. కొందరికి మతం. కొందరికి అది అందం. "నాకు గడ్డం ఉండనీ" అంటే ఉండనివ్వండి. ట్రిమ్మరుకు తగిలించే దువ్వెన మీద 3, 5, 10 అని అంకెలు ఉంటాయి. అవి మిల్లీమీటర్లు. ఎంత పొడుగు ఉంచాలో ఆయననే అడిగి, ఆ అంకె దగ్గర పెట్టి కత్తిరించండి. మంచం పట్టిన మనిషి చేతిలో ఇక మిగిలినవి చాలా కొద్ది నిర్ణయాలు. తన ముఖం ఎలా ఉండాలన్నది అందులో ఒకటి. దాన్ని ఆయనకే వదిలేద్దాం.

పని అయ్యాక అద్దం ఆయన చేతికి ఇవ్వడం మరిచిపోకండి.