గోదావరి ఓడలో మా నాయన



గోరంట్ల పాత కుటుంబాలను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను మా నాయనను గురించి చెబుతాను.

మన చిత్రావతి సంగతి మీకు తెలియనిది కాదు. ఏటిలో నీటికంటె ఇసుక కనిపించే రోజులే ఎక్కువ. చెలమలు తవ్వి నీళ్లు తెచ్చుకున్న ఇంట పుట్టిన మనిషి ఆయన. ఈత దిగుడు బావిలో నేర్చాడు. అటువంటివాడు రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో రాయల్ ఇండియన్ నేవీలో చేరాడు. యుద్ధానికి ముందు ఆ దళంలో రెండు వేలమంది కూడా లేరు. అవసరం పెరిగేకొద్దీ మద్రాసు రాజధాని జిల్లాలవారిని కూడా చేర్చుకున్నారు. దేశభక్తి అని నేను గొప్పలు చెప్పబోను. ఇంట్లో కరవు, అక్కడ నెల జీతం. అంతే.

ఆయనకు దొరికిన ఓడ పేరు 'గోదావరి'. ఇంగ్లండులో కట్టి 1943లో నౌకాదళానికి ఇచ్చారు. దాని తోబుట్టువు 'కృష్ణా'. అసలు గోదావరిని మా నాయన చచ్చేవరకూ చూడలేదు! ఓడలో ఆయన పని అడుగున బాయిలర్ల దగ్గర. మంచినీళ్లు అక్కడ కూడా కొలిచి పోసేవారట. "అంత సముద్రం పెట్టుకొని తాగేదానికి నీళ్లు లేవా?" అని మా అమ్మ జీవితాంతం ఆశ్చర్యపోయింది. ఓడ ఎక్కడుందో ఉత్తరంలో వ్రాయరాదు. టపా మనిషి వాకిట్లో నిలబడితే చాలు, అమ్మకు కాళ్లు వణికేవట.

1944 ఆగస్టు 12న సీషెల్స్ దీవుల దగ్గర 'గోదావరి', బ్రిటిషు ఓడ 'ఫిండ్‌హార్న్' కలిసి యు-198 అనే జర్మన్ జలాంతర్గామిని ముంచాయి. కొద్దిరోజుల ముందే అది వర్తక ఓడలను ముంచి ఉన్నది. నాయన కంటికి ఏమీ కనబడలేదు. నీటిలో పేలుళ్లకు ఓడ అడుగు రేకులు మోగడం విన్నాడు. పైనవాళ్లు కేకలు వేస్తే గెలిచామని తెలిసిందట.

నేను పిల్లవాడిగా ఉన్నప్పుడు ఒక క్రిస్మస్ విందులో, "మా నాయన జర్మనీవాళ్లను ముంచినాడు" అని బంధువులందరి ముందు గట్టిగా చెప్పాను. నాయన విస్తరి ముందునుండి లేచి వెళ్లిపోయాడు. ఆయనకు కోపమెందుకో నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. ఆ తప్పు నాదే.

దేశ విభజన తరువాత ఆ ఓడ పాకిస్తానుకు పోయి 'సింధ్' అయింది. 'కృష్ణా' మనకు మిగిలి 1981 వరకు పనిచేసింది. 1983లో మన నౌకాదళంలో కొత్త 'గోదావరి' చేరినప్పుడు పేపరు చదివి వినిపించాను. "పేరు మంచిది" అన్నాడు, అంతకంటె ఏమీ అనలేదు.

ఆయన పోయిన చాలా ఏండ్లకు ఒక పుస్తకంలో చూశాను. ఆ జలాంతర్గామిలో 66 మంది. ఒక్కరు కూడా బయటపడలేదు.

ఇంట్లో సాయంకాల ప్రార్థనలో నాయన చివర ఒక మాట చెప్పేవాడు: "సముద్రంలో ఉన్నవారిని జ్ఞాపకం చేసుకో ప్రభువా." తనతో పనిచేసినవాళ్లను తలుచుకుంటున్నాడని మేము అనుకునేవాళ్లం. పుస్తకం తీసుకుపోయి అమ్మకు లెక్క చెప్పాను. "నాకు తెలుసు. అరవైమంది పైనే అని చెప్పినాడు. వాళ్ల అమ్మలకు ఉత్తరాలు రావు కదా అనేవాడు" అన్నది.

అమ్మ కన్నుమూసేవరకు ప్రతి సాయంకాలం ప్రార్థన చివర ఆ మాట చెప్పింది.