మగ్గమును, భాగస్వామ్య పత్రమును



మన ధర్మశాస్త్రములు ఉమ్మడి వర్తకమును సంభూయసముత్థానమని వ్యవహారపదములలో నొకటిగ లెక్కించినవి. అయినను పోచంపల్లి మొదలు గద్వాల వరకు మనవారి పొత్తులు నోటిమాటమీదనే సాగుచున్నవి.

నే నెరిగిన అన్నదమ్ములిరువురు చీరలను అరువున కిచ్చి, సొమ్ము రాక దావా వేసిరి. సంస్థ రిజిష్టరు కాలేదని అది కొట్టివేయబడెను. 1932 భాగస్వామ్య శాసనము 69వ సెక్షను ప్రకారము రిజిష్టరు కాని సంస్థ, 100 రూపాయలు మించిన ఒప్పందపు బాకీకై ఇతరులపై దావా వేయజాలదు. దానికి నూలు అరువిచ్చినవాడు మాత్రము దానిపై వేయవచ్చును! భాగస్వాముల సొంత యిండ్లును ఆ యప్పునకు పూచీయే. పిమ్మట రిజిష్టరు చేసికొని మరల వేయుదమన్న, 3 ఏండ్ల గడువు దాటిపోయెను.

పనివారు 10 మందియైన ఈ.ఎస్.ఐ., 20 మందియైన భవిష్యనిధి విధులు వచ్చును; వానిని గూర్చి న్యాయవాదిగారు చెప్పుదురు. పత్రము వ్రాయించువారు సభానంతరము నాయొద్దకు రండు, ముసాయిదా నేను వ్రాసి యిచ్చెదను.