పేరు దాచుకుంటే హక్కు నిలవదు

(మేడ్చల్, శామీర్‌పేట మండలాల ముస్లిం కుటుంబాలు, కార్యకర్తలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం నివసించే ఈ ప్రాంతం విద్యాసంస్థలకు పెట్టింది పేరు. 1998లో రాష్ట్ర చట్టం ద్వారా ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలో ఉంది. దేశం నలుమూలల నుండి పిల్లలు క్లాట్ పరీక్ష రాసి అక్కడ చేరుతున్నారు. అక్కడికి కొద్ది దూరంలోనే, జవహర్‌నగర్ వైపు, బిట్స్ పిలానీ వారి హైదరాబాద్ ప్రాంగణం ఉంది. ఇటు కండ్లకోయ, మైసమ్మగూడ వైపు వెళ్తే ఇంజనీరింగ్ కళాశాలలు వరుసగా కనిపిస్తాయి. ఘన్‌పూర్‌లో వైద్య కళాశాల ఉంది. ఈ గేట్ల ముందు మనవాళ్లు ప్రతిరోజూ కనిపిస్తారు. ఆటోలు నడుపుతూ, హాస్టళ్లకు మాంసం సరఫరా చేస్తూ, బండ్లు బాగు చేస్తూ, పరుపులు కుడుతూ కనిపిస్తారు. మరి ఆ గేటు దాటి తరగతి గదిలో కూర్చున్న మన పిల్లలు ఎందరు? ఎవరి వీధిలోని పిల్లలను వారు లెక్కపెట్టుకుంటే జవాబు దొరుకుతుంది.

ఉన్నత విద్యలో రిజర్వేషన్ల గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. సభల్లో ఈ విషయంపై మాట్లాడేవారు సాధారణంగా ప్రభుత్వాన్ని నిలదీస్తారు. నిలదీయవలసిన విషయాలు నిజంగానే ఉన్నాయి. కాని ఈ రోజు మేము ముందుగా మన ఇంటి సంగతి మాట్లాడదలచాము.

మేడ్చల్ పరిసరాల్లో ఒక కుటుంబం ఉంది. ఊరి పేరు, ఇంటి పేరు చెప్పము. తండ్రి ఖురేషీ బిరాదరీకి చెందినవాడు, మాంసం దుకాణంలో పనివాడు. కూతురిని ఒకటవ తరగతిలో చేర్చిన రోజు బడికి వెంట వెళ్లిన దగ్గరి బంధువు, గౌరవంగా ఉంటుందని, పాప పేరు ముందు ‘సయ్యదా’ అని రాయించాడు. పన్నెండేళ్ల పాటు అన్ని కాగితాలలోనూ అదే పేరు నడిచింది. ఆ అమ్మాయి కష్టపడి చదివి ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంది. అప్పుడు బి.సి.–ఇ ధ్రువపత్రం కోసం వెళితే విచారణలో ప్రశ్న ఎదురైంది. బడి కాగితంలో సయ్యద్ అని ఉంటే ఖురేషీ అని ఎలా రాయాలి? తాతగారి కాలం నాటి కాగితాలు వెతికారు, బిరాదరీ పెద్దల చేత వాంగ్మూలాలు ఇప్పించారు. అవన్నీ సమకూరేసరికి కౌన్సెలింగ్ విడతలు ముగిశాయి. ఆ అమ్మాయి ఆ ఏడాది ఇంట్లోనే ఉండిపోయింది. ఇందులో ఏ అధికారి తప్పూ లేదు, ఏ కళాశాల తప్పూ లేదు. ఉన్న పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడిన మన అలవాటే ఆ సీటును పోగొట్టింది.

ఈ సిగ్గుకు, మన రిజర్వేషన్ భవిష్యత్తుకు దగ్గరి సంబంధం ఉంది. అది అర్థం కావాలంటే ఈ నాలుగు శాతం ఎలా వచ్చిందో గుర్తు చేసుకోవాలి.

2004 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలందరికీ కలిపి 5 శాతం రిజర్వేషన్ ప్రకటించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో హైకోర్టు దానిని కొట్టివేసింది. 2005లో బి.సి. కమిషన్ నివేదిక తెప్పించుకొని మళ్లీ 5 శాతంతో చట్టం చేశారు. నవంబరులో అదీ నిలవలేదు. ముస్లిం సమాజం మొత్తాన్ని శాస్త్రీయమైన పరిశీలన లేకుండా ఒకే వెనుకబడిన తరగతిగా చూపారన్నది న్యాయస్థానం అభ్యంతరం. 2007లో ప్రభుత్వం పి.ఎస్. కృష్ణన్ గారిని సలహాదారుగా నియమించింది. జీవితమంతా వెనుకబడిన వర్గాల కోసం పనిచేసిన ఆ విశ్రాంత అధికారి ముస్లింలలో ఏయే సమూహాలు సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడి ఉన్నాయో పేరు పేరునా గుర్తించారు. ఆ ఏడాది చేసిన చట్టంతో 4 శాతం వచ్చింది, బి.సి.–ఇ వర్గం ఏర్పడింది.

ఆ జాబితాలో ఎవరున్నారు? షేక్‌లు, ఖురేషీలు, దుస్తులు ఉతికే ధోబీ ముస్లింలు, క్షురక వృత్తిలోని హజాంలు, అత్తరు సాయిబులు, ఫకీర్లు, గారడీ సాయిబులు, ఎలుగుబంటిని ఆడించి పొట్టపోసుకున్న గుడ్డి ఎలుగువాళ్లు, లబ్బీలు, సిద్దీలు, రోళ్లకు తిరగళ్లకు కక్కు కొట్టే తురక కాశలు, ఇలా పద్నాలుగు సమూహాలు. ఇంటింటికీ మిక్సీ వచ్చిన రోజున కక్కు కొట్టే ఉలికి పని లేకుండా పోయింది. ఆ ఉలి పట్టిన చేతికి ప్రత్యామ్నాయం ఎవరు చూపారు? సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా వంటి వర్గాలను చట్టమే మినహాయించింది. జాబితా చివర పదిహేనవదిగా ‘ఇతర ముస్లిం సమూహాలు’ అని ఒక మాట చేర్చారు.

2010 ఫిబ్రవరి 8న ఏడుగురు న్యాయమూర్తుల హైకోర్టు ధర్మాసనం మెజారిటీ తీర్పుతో ఈ చట్టాన్నీ కొట్టివేసింది. అదే సంవత్సరం మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. ఆ ఉత్తర్వులోని ఒక అంశాన్ని ప్రతి కార్యకర్తా గుర్తుంచుకోవాలి. పేర్లు స్పష్టంగా ఉన్న పద్నాలుగు సమూహాలకు రిజర్వేషన్ కొనసాగవచ్చునని కోర్టు అనుమతించింది. పేరు లేని పదిహేనవ సమూహానికి మాత్రం ఆ అనుమతి ఇవ్వలేదు. అంటే పేరున్నది నిలిచింది, పేరు లేనిది రాలిపోయింది. నేటికీ తుది తీర్పు రాలేదు. మన పిల్లల చదువులు ఇన్నేళ్లుగా ఒక మధ్యంతర ఉత్తర్వు మీద ఆధారపడి నడుస్తున్నాయి.

2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో కేంద్ర హోం మంత్రి అమిత్ షా, తమ పార్టీ అధికారంలోకి వస్తే తెలంగాణలో ముస్లిం రిజర్వేషన్లను రద్దు చేస్తామని ప్రకటించారు. ఇది మతం ఆధారంగా ఇచ్చిన రిజర్వేషన్ అన్నది వారి వాదన. 2024 మే నెలలో కలకత్తా హైకోర్టు పశ్చిమ బెంగాల్‌లో అత్యధికం ముస్లిం సమూహాలే అయిన 77 తరగతుల ఓ.బి.సి. హోదాను రద్దు చేసినప్పుడు కూడా ఇదే ప్రశ్న ముందుకు వచ్చింది. దీనికి మన దగ్గర జవాబు ఉన్నదా? ఉన్నది. దూదేకుల సోదరులు 1970 నుండి మన రాష్ట్ర వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నారు. నేడు వారు బి.సి.–బిలో ఉన్నారు. పత్తి ఏకే వృత్తిని, దానితో వచ్చిన పేదరికాన్ని, చిన్నచూపును చూసి వారిని చేర్చారు. వారు ఏ మతం వారని చూసి చేర్చలేదు. ఖురేషీ, హజాం, ధోబీల విషయంలోనూ న్యాయం అదే. ఒకే వృత్తి చేసే రజక సోదరునికి, నాయీ బ్రాహ్మణ సోదరునికి రిజర్వేషన్ ఉన్నప్పుడు, నమాజు చదివే ధోబీకి, హజాంకు ఎందుకు ఉండకూడదు? వాస్తవానికి, మతాన్ని కారణంగా చూపి వారిని బయట ఉంచడమే మత వివక్ష అవుతుంది.

అయితే ఈ వాదన కోర్టులో నిలవాలంటే మన నోట ఒకే మాట ఉండాలి. బయట వేదికల మీద ‘మాలో కులాలు లేవు’ అంటాము. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు మాత్రం మొదట అడిగేది జాత్ గురించే. దూదేకుల వారి పిల్లను చేసుకోవడానికి వెనుకాడే షేక్ ఇళ్లు ఉన్నాయి. ఖురేషీ ఇంటికి పిల్లనివ్వని సయ్యద్ ఇళ్లు ఉన్నాయి. ఫకీరు పిల్లవాడిని బడిలో ఏ పేరుతో పిలుస్తారో మనందరికీ తెలుసు. ఇస్లాం మనుషులందరినీ సమానులుగా చూస్తుంది. అరబ్బుకు అరబ్బేతరునిపై, అరబ్బేతరునికి అరబ్బుపై ఆధిక్యం లేదని, దైవభీతి ఒక్కటే గొప్పతనానికి కొలమానమని దైవప్రవక్త తన తుది హజ్ ప్రసంగంలో బోధించారు. అది మన ధర్మం ఇచ్చిన ఆజ్ఞ. ఆ ఆజ్ఞను మనం పాటించలేదన్నది మన సమాజ వాస్తవం. ఆజ్ఞను చూపి వాస్తవాన్ని కప్పిపుచ్చితే నష్టపోయేది సయ్యద్ పిల్లవాడు కాదు, ఫకీరు పిల్లవాడు. జాత్ పేరు చెప్పడం వల్ల కౌమ్ చీలిపోతుందని కొందరు పెద్దలు భయపడుతున్నారు. వారి ఆవేదన మాకు అర్థమవుతుంది. కాని కౌమ్‌ను చీల్చేది చిన్నచూపు. ధ్రువపత్రం మీద రాసిన పేరు చీల్చదు.

2025 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం వెల్లడించిన కుల సర్వే ప్రకారం రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతం. వారిలో బి.సి. ముస్లింలు 10.08 శాతం, ఇతర ముస్లింలు 2.48 శాతం. అంటే ప్రతి ఐదుగురు ముస్లింలలో నలుగురు వెనుకబడిన తరగతుల వారే. మతం పేరిట ఇచ్చారన్న వాదనకు ఈ లెక్క ఒక సమాధానం. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర శాసనసభ ఈ రిజర్వేషన్‌ను 12 శాతానికి పెంచుతూ బిల్లు ఆమోదించింది. రాష్ట్రపతి ఆమోదం రాక అది చట్టం కాలేదు. 2025 మార్చిలో విద్య, ఉద్యోగాలలో బి.సి.లకు 42 శాతం కల్పిస్తూ సభ మరో బిల్లు ఆమోదించింది. ఆ పోరాటంలో మిగతా బి.సి. సోదరులతో కలిసి నడవడం మన బాధ్యత.

సీట్ల లెక్క కూడా తెలుసుకుందాం. బి.సి.ల 29 శాతంలో ఎ వర్గానికి 7, బికి 10, సికి 1, డికి 7, ఇకి 4 శాతం. ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో ఒక కోర్సుకు 60 సీట్లుంటే కన్వీనర్ కోటా కింద 70 శాతం, అంటే 42 సీట్లు. వాటిలో 4 శాతం అంటే రెండుకు కూడా చేరదు. దేశం కొల్లగొడుతున్నారని మన మీద వేసే నింద వెనుక ఉన్న సీట్లు ఇవే. యాజమాన్య కోటాలో ఈ రిజర్వేషన్ వర్తించదు. మన పక్కనే ఉన్న బిట్స్ ప్రాంగణంలో కుల రిజర్వేషన్ అసలే లేదు. ప్రైవేటు విద్యాసంస్థలలోనూ రిజర్వేషన్ కల్పించడానికి రాజ్యాంగంలోని 15(5) అధికరణ వీలు కల్పిస్తున్నది. అటువంటి సంస్థల విషయంలో ఆ వీలును వాడుకొమ్మని అడగడం న్యాయమైన కోరిక.

ఇక ప్రతి ఇల్లు చేయవలసిన పనులు చెప్పి ముగిస్తాము.

మొదటిది, పిల్లవాడిని బడిలో చేర్చే రోజునే పేరు, బిరాదరీ ఉన్నది ఉన్నట్లు రాయించండి. ఇప్పటికే తప్పుంటే పరీక్షల దాకా ఆగకుండా ఇప్పుడే సరిదిద్దించుకోండి. మీసేవ ద్వారా దరఖాస్తు చేసి తహసీల్దారు ధ్రువపత్రాన్ని కౌన్సెలింగ్‌కు చాలా ముందే తెచ్చుకోండి. రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర ఓ.బి.సి. జాబితా వేరు. కేంద్ర సంస్థలకు దరఖాస్తు చేసేవారు తమ పేరు రెండవ జాబితాలో ఉన్నదో లేదో చూసుకోవాలి.

రెండవది, ఆడపిల్లల చదువు. మన రాష్ట్ర ప్రవేశాలలో ప్రతి వర్గంలోనూ మూడింట ఒక వంతు సీట్లు ఆడపిల్లలకు కేటాయిస్తారు. ఇంటర్ కాగానే చదువు మాన్పిస్తే ఆ సీటును మన చేతులతో మనమే వదులుకున్నట్లు.

మూడవది, కొంత కటువైన మాట. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలవారు షేక్ అని రాయించుకొని బి.సి.–ఇ పత్రం పొందడం హరామ్ సంపాదనతో సమానం. అది పేద ఫకీరు బిడ్డ సీటు. తప్పుడు ధ్రువపత్రం 1993 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. అటువంటి ఒక్క పత్రం పట్టుబడితే మన వాదన మొత్తానికి మచ్చ వస్తుంది. ఈ కుటుంబాలలో పేదలున్నారు. ఏడాది ఆదాయం 8 లక్షల లోపు ఉన్న ఇళ్లకు ఆర్థికంగా బలహీన వర్గాల 10 శాతం కోటా ఉంది. ఆ దారి వారికి న్యాయంగా తెరిచి ఉంది, దానిని వాడుకోవాలి.

నాలుగవది, రాబోయే జనగణనలో కులాన్ని కూడా నమోదు చేయాలని కేంద్ర మంత్రివర్గ రాజకీయ వ్యవహారాల కమిటీ 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. గణకుడు మన గుమ్మం ముందు నిలిచి కులం అడిగినప్పుడు ‘ముసల్మాన్’ అని మాత్రమే చెప్పి తలుపు వేయకండి. మతం అడిగిన చోట ఇస్లాం అని గర్వంగా చెప్పండి. కులం అడిగిన చోట హజాం, ధోబీ, ఖురేషీ, దూదేకుల, ఫకీర్, షేక్ అని సిగ్గుపడకుండా చెప్పండి. రేపు రాజ్యాంగ ధర్మాసనం ముందు ఈ విషయం విచారణకు వస్తే ప్రభుత్వం ఏ గణాంకాలు చూపుతుంది? మనం చెప్పినవే చూపుతుంది.

మనం మొదట చెప్పుకున్న ఆ అమ్మాయి కాగితాలు ఇప్పుడు సరయ్యాయి. ఈ ఏడాది మళ్లీ కౌన్సెలింగ్‌కు వెళ్తున్నది. ఈసారి తండ్రి తన చేత్తోనే దరఖాస్తు నింపాడు, బిరాదరీ పేరు రాయవలసిన చోట ఖురేషీ అని రాశాడు. ఆ చేతికి సిగ్గుపడవలసిన అవసరం లేని సమాజాన్ని నిర్మించే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.