లోపలి మనస్సు ఏ భాషలో మాట్లాడుతుంది?

(హోసూరులో జరిగిన తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భాష గురించి మాట్లాడుకొనే సభలో మానసిక చికిత్సకు పని ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. బడిలో, కార్యాలయంలో, బస్సు పలక మీద తెలుగుకు చోటు కావాలని మనం అడుగుతూ వస్తున్నాం. సరిహద్దు జిల్లాల నుంచి వచ్చే రోగుల నడుమ చాలాకాలం పనిచేసినవాడిగా నేను మరొక చోటును గుర్తుచేయదలచాను. మనిషి తనకు తానే చెప్పుకోలేని మాట దాగి ఉండే చోటు అది. మనస్తత్వ శాస్త్రం దానిని అచేతన మనస్సు అంటుంది.

మరచిపోయామనుకొన్నవీ, ఒప్పుకోలేక లోపలికి నెట్టివేసినవీ అక్కడ ఊరకే పడి ఉండవు. కలగా, మాట తడబాటుగా, కారణం దొరకని నొప్పిగా పైకి వస్తాయి. ఈ సంగతిని సిద్ధాంతంగా నిలబెట్టినవాడు వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. అయితే ఏది పైకి చెప్పదగినది, ఏది లోపలికి నెట్టవలసినది అని బిడ్డకు నేర్పేదెవరు? ఇల్లు, ఊరు, కులం, భాష. అచేతనం ఎవరిది వారిదే అయినా దాని గోడలను కట్టేది సమాజం. ఈనాటి నా మాటల సారం ఇదే.

మన దేశంలో ఈ సంగతిని తొలినాళ్లలోనే గుర్తించినవారు కలకత్తా వైద్యుడు గిరీంద్రశేఖర్ బోస్. ఆయన 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపారు. తండ్రి శిక్షిస్తాడన్న భయం ఐరోపా రోగులలో కనబడినంత స్పష్టంగా తన భారతీయ రోగులలో కనబడటం లేదని నిస్సంకోచంగా రాశారు. ఫ్రాయిడ్ డెబ్బై అయిదవ పుట్టినరోజుకు, 1931లో, కలకత్తా నుంచి దంతపు విష్ణుమూర్తి ప్రతిమ వెళ్లింది. ఆయన దానిని తన రాతబల్ల మీద ఉంచుకొన్నాడు. ప్రతిమను స్వీకరించినంత సులువుగా బోసు గారి భిన్నాభిప్రాయాన్ని మాత్రం స్వీకరించలేదు.

పసిఫిక్ మహాసముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవులలో ఉండి వచ్చిన మలినోవ్‌స్కీ 1927లో ఇటువంటి వాదమే చేశాడు. అక్కడ వంశం తల్లి వైపున సాగుతుంది. తండ్రి బిడ్డకు చెలికాడు, అదుపాజ్ఞలు మేనమామవి. కనుక కొడుకు లోలోపలి వైరం తండ్రి మీద గాక మేనమామ మీద ఉంటుందని ఆయన అన్నాడు. ఫ్రాయిడ్ అనుయాయులు దీనిని ఒప్పుకోలేదు. కాని ఆ ప్రశ్న నిలిచిపోయింది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మనకూ మేనమామ ఉన్నాడు. చెవులు కుట్టించేటప్పుడు ఒడిలో కూర్చోబెట్టుకొనేవాడు ఆయనే. పెండ్లిలో గంపలో కూర్చోబెట్టి మోసుకొచ్చేవాడు ఆయనే. కొన్ని కుటుంబాలలో వరుడూ ఆయనే. ఎత్తుకొని పెంచిన మేనత్తే రేపు అత్తగారు కావచ్చు. ఒకే మనిషి బిడ్డ మనస్సులో రెండు వరుసలలో నిలిచి ఉంటుంది. వియన్నా కుటుంబాలను చూసి రాసిన గ్రంథాలలో ఈ ముడికి పేరు లేదు.

ఈ ముడి ఎంత గట్టిదో నాకు నేర్పినది ఒక రోగి. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి చెబుతున్నాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్త. బెంగళూరులో కాపురముంటున్న ఒకావిడ వచ్చేది. గొంతులో ఏదో ఉండలా అడ్డుపడుతున్నదని, అన్నం దిగడం లేదని ఆమె బాధ. పరీక్షలలో ఏమీ తేలలేదు. మేము కన్నడంలో మాట్లాడుకొనేవాళ్లం. అత్తగారి మీద కోపమున్నదా అని నేను అడగడం, లేదని ఆమె అనడం ఆరు వారాలు సాగింది. చికిత్సను ప్రతిఘటిస్తున్నదని నా కాగితంలో రాసుకొన్నాను.

ఒకనాడు లేచి వెళుతూ, కన్నీరు తుడుచుకొంటూ, తనలో తాను "మా అత్తను నేనేమని అనేది" అన్నది. తెలుగు! నాకూ ఇంట్లో తెలుగే. ఆసుపత్రిలో ఆ మాట ఎవరికీ చెప్పేవాడిని కాను. చదువుకొన్నవాడు కొలువు భాషే మాట్లాడాలన్న సిగ్గు నాది. ఆ రోజు ఆ సిగ్గు విడిచి, "అత్త అంటే మీ మేనత్తేనామ్మా?" అని తెలుగులోనే అడిగాను. ఆమె మళ్లీ కూర్చున్నది. తల్లి పోయాక తనను పెంచినది ఆ మేనత్తే. ఆమె మీద కోపమంటే పుట్టింటి మీద, తండ్రి మీద, తిన్న అన్నం మీద కోపమే. నేను ఆరు వారాలు అడిగినది కోడలిని. జవాబు చెప్పలేక నిలిచినది మేనకోడలు.

తెలుగు వినగానే అంతా తెరుచుకొన్నదని చెబితే మీకు సంతోషంగా ఉంటుంది. జరిగినది వేరు. మరుసటి వారం ఆమె, "కన్నడంలోనే మాట్లాడుకొందామండీ. తెలుగులో అంటే మా అత్తను ఎదురుగా నిలబెట్టి తిట్టినట్లుంటుంది" అన్నది. ఆమె తొలిసారి కోపాన్ని కన్నడంలోనే చెప్పగలిగింది. ఆ కోపం వెనుక ఉన్న దుఃఖం, తల్లి లేని పిల్ల దుఃఖం, మాత్రం చాలా వారాల తరువాత తెలుగులో వచ్చింది. గొంతులోని ఉండ ఆ తరువాతనే మెల్లగా కరిగింది.

ఇది ఆమె ఒక్కరి సంగతి కాదు. ఫ్రాయిడ్, ఆయన మిత్రుడు బ్రాయర్ 1895లో ప్రచురించిన గ్రంథంలో అన్నా ఓ. అనే మారుపేరుతో ఒక యువతి కథ ఉన్నది. జబ్బుపడిన తండ్రికి సేవచేస్తూ తానూ మంచాన పడిన ఆమె, తన సొంత భాష జర్మన్‌ను కోల్పోయి కొంతకాలం ఇంగ్లీషులోనే మాట్లాడింది. మాటలతో చేసే ఈ చికిత్సకు 'మాటల వైద్యం' అన్న పేరు పెట్టినదీ ఆమే, అదీ ఇంగ్లీషులోనే. 1950లో అమెరికాలో రాల్ఫ్ గ్రీన్‌సన్ రాసిన వ్యాసంలో మరొక స్త్రీ, జర్మన్‌లో తాను భయపడే పసిపిల్లనైపోతానని, ఇంగ్లీషులో మర్యాద తెలిసిన పెద్దదానినని చెబుతుంది. ముద్దూ తిట్టూ నేర్చిన భాషలోనే భయమూ ఉంటుంది. తరువాత నేర్చిన భాష కొందరికి ఆ భయానికి ఎడంగా నిలబడే చోటవుతుంది. ఎటు నుంచి లోపలికి వెళ్లాలో నిర్ణయించవలసినది రోగి. ఆ రెండు దారులూ తెరచి ఉంచవలసినది వైద్యుడు.

సంస్కృతి అంటే కేవలం ఆదరువు అని కూడా అనుకోవద్దు. ఏడాదంతా తలవంచిన కోడలు అమ్మవారు పూనిన ఘడియలో మామగారిని ఏకవచనంలో నిలదీస్తుంది. ఇల్లంతా చేతులు కట్టుకొని వింటుంది. గోడ కట్టిన సమాజమే ఒక కిటికీ కూడా ఉంచింది. అంతమాత్రాన గోడ న్యాయమైనది కాదు. పూనకాన్ని వెక్కిరించకండి. అది చాలునని వైద్యాన్ని మానిపించకండి. ఆ ఘడియలో ఆమె ఏమన్నదో గుర్తుంచుకొని, మామూలు రోజున ఆ మాటకు ఇంట్లో చోటివ్వండి.

ఇక మన కుటుంబాలకు ఒక మనవి. అమ్మమ్మనో నాయనమ్మనో ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు, రాష్ట్ర భాష చదివిన బడిపిల్లవాడిని దుబాసీగా కూర్చోబెడుతున్నాం. ఒక పెద్దావిడ "కడుపు మండిపోతున్నదయ్యా" అంటే, మనుమడు దానిని అజీర్తి అని వైద్యునికి చెప్పాడు. ఆమె మాత్రలు తీసుకొని ఇంటికి వెళ్లింది. ఆ మంట కొడుకులు పొలం పంచుకొన్న తీరు వల్ల కలిగినది. తెలిసినా, ఆ కొడుకు కన్నబిడ్డ నోట ఆ మాట ఎలా పలికిస్తుంది?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, జబ్బు గురించీ చేయబోయే చికిత్స గురించీ రోగి తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకొనే హక్కు ఉన్నది. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 14416 ఫోను సేవలో భాషను ఎంచుకొనే ఏర్పాటున్నది, అందులో తెలుగూ ఉన్నది. వాడుకోండి. వైద్యుడు ఏ భాషవాడైనా, "మా అమ్మ బాధ తెలుగులో ఉన్నది, తెలుగు తెలిసిన పెద్దవారినెవరినైనా పిలవండి" అని అడగడానికి సంకోచించకండి. నాలాగా సిగ్గుపడి ఆ గదిలోనే కూర్చున్న తెలుగువాడు ఒకడు ఉండనూవచ్చు.

మనం రెండేసి, మూడేసి భాషలతో బ్రతుకుతున్న జనం. కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ మనకు పగవి కావు. లోపలి మనస్సుకు అవి కూడా వాకిళ్లే. మనం కోరేది ఒక్కటే: ఆ ఇంటి మొదటి వాకిలికి తాళం పడకూడదు.