ఆదాయ ధ్రువపత్రం కూడా సాక్ష్యమే

సర్వస్తోత్రాలూ అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త (సఅసం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

ప్రియ సోదరులారా! ఇంటర్ ఫలితాలు వెలువడగానే హిందూపురంలోనైనా, పెనుకొండలోనైనా తండ్రులు నన్నడిగే ప్రశ్న ఒకటే: "హజ్రత్, ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకోవడమంటే చేయి చాచడం కాదా?" కాదు. కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల రూపాయలకు మించని విద్యార్థుల నిమిత్తం ప్రజల ఖజానా నుండి కేటాయించిన సొమ్ము అది. మగ్గమే ఆధారమైన ధర్మవరం నేతకార్మికుని బిడ్డకు అందులో హక్కు ఉంది. మొహమాటపడి ఆడపిల్ల చదువు మాన్పించడమే జుల్మ్.

అయితే ఆదాయ ధ్రువపత్రం ఒక షహాదత్. దుకాణాల అద్దె దాచిపెట్టి తక్కువ ఆదాయం వ్రాయించుకునేవాడు అబద్ధపు సాక్ష్యం పలుకుతున్నాడు. అర్హుని వాటాకు చేయి వేస్తున్నాడు. మనకే నష్టం వాటిల్లినా సత్యానికి సాక్షులుగా నిలవాలన్నది అన్-నిసా సూరా 135వ ఆయతులోని ఆదేశం. తహశీల్దారు సంతకంతో ఆ బాధ్యత తీరిపోదు.

ఇక, నేను చూసిన దరఖాస్తులలో చాలావరకు ఆగిపోయింది పేరు దగ్గరే. పదవ తరగతి మెమోలో 'షేక్' ఉంటుంది, ఆధార్‌లో ఉండదు! ప్రవేశాలకు ముందే సరిచేయించండి. చేరిన తరువాత 75 శాతం హాజరు తప్పనిసరి. నమాజు అనంతరం కాగితాలు తీసుకుని రండి. అసర్ వరకు నేనిక్కడే ఉంటాను.